ప్రాణాలు కాపాడటానికైతే చిత్రహింస పెట్టవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి పోలీసు శిక్షణలో ఉన్నాడు. సెలవుకి వచ్చినప్పుడు మా ఇద్దరికీ పెద్ద వాదన జరిగింది. బాంబు పెట్టినవాడు దొరికాడు, గంటలో పేలుతుంది, ఎక్కడ పెట్టాడో నోరు విప్పడు. అలాంటివాణ్ణి చిత్రహింస పెట్టయినా చెప్పించాల్సిందేనని నేనన్నాను. వందమంది ప్రాణాల ముందు ఒకడి నొప్పి ఎంత? ఎంతటి పరిస్థితిలోనైనా చట్టం ఒప్పుకోదని వాడంటాడు. మీదికొచ్చేవాణ్ణి కాల్చి చంపనిచ్చే చట్టం, ఒకణ్ణి కొట్టనివ్వకపోవడంలో అర్థమేమిటి? నిజంగా అలాంటి పరిస్థితే వస్తే ఆ అధికారికి శిక్ష పడుతుందా?

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే సరైనది. ఐక్యరాజ్యసమితి 1984 డిసెంబరు 10న ఆమోదించిన చిత్రహింసల వ్యతిరేక ఒడంబడిక 1987లో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు 170కి పైగా దేశాలు దానికి కట్టుబడి ఉన్నాయి. యుద్ధమైనా, యుద్ధభయమైనా, దేశంలో అల్లకల్లోలమైనా, ఇంకే అత్యవసర పరిస్థితైనా చిత్రహింసకు సమర్థన కాదని దాని రెండో అధికరణం చెబుతుంది. మీరు చెప్పిన బాంబు లాంటి సందర్భం ఆ మాటలు రాసినవాళ్ల బుర్రకు తట్టక కాదు. తట్టింది కాబట్టే ఏ సందూ మిగల్చకుండా రాశారు.

మీ ప్రశ్నలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది కాల్చి చంపడం గురించిన మాట. అది తేలిగ్గా తీసిపారేసే వాదన కాదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికను తెరిచి చూడండి. ప్రాణహక్కు దగ్గర, ఎవరి ప్రాణాన్నీ ‘ఇష్టారాజ్యంగా’ తీయకూడదని ఉంటుంది. అంటే న్యాయబద్ధంగా తీసే సందర్భాలు కొన్ని ఉండవచ్చని ఒప్పుకున్నట్టే. తర్వాతి అధికరణంలో చిత్రహింస గురించి చెప్పేటప్పుడు ఆ ఒక్క మాట కూడా లేదు. ఎవరినీ పెట్టకూడదు, అంతే. మరణం కంటే నొప్పి పెద్దదని ఎవరూ అనరు. మరి ఈ తేడా ఎందుకు?

మీదికొచ్చేవాడి చేతిలో ఆయుధం ఉంటుంది. దాన్ని కింద పడేస్తే మీరు కాల్చడానికి వీల్లేదు. యుద్ధంలోనూ ఇదే నియమం. చేతులెత్తేసిన సైనికుణ్ణి ఆ క్షణం నుంచి ముట్టుకోకూడదని 1949 నాటి జెనీవా ఒప్పందాలు చెబుతాయి. కుర్చీకి కట్టేసిన మనిషి ఎదుర్కోలేడు, పారిపోలేడు. వాడి శరీరం పూర్తిగా మీ చేతుల్లో ఉంది. బాంబు సంగతి వాడికి నిజంగా తెలిస్తే, చెప్పి బయటపడొచ్చని మీరంటారు. తెలియకపోతే? తెలియదని రుజువు చేసుకునే దారి వాడికి లేదు. ‘తెలియదు’ అన్న ప్రతిసారీ మొండికేస్తున్నాడనే మీరు అనుకుంటారు. ఆత్మరక్షణలో అవతలివాడి తప్పు కళ్లెదుట కనిపిస్తుంది. విచారణ గదిలో కనిపించేది మన అనుమానం ఒక్కటే.

బాంబు కథలోని లోపం కూడా అక్కడే ఉంది. ఆ కథ చెప్పేవాడికి అన్నీ ముందే తెలుసు: బాంబు ఉంది, పెట్టింది వీడే, చోటు వీడికి తెలుసు, కొడితే చెబుతాడు, చెప్పింది నిజమవుతుంది, ఇంకో దారి లేదు. ఇవన్నీ ఒకేసారి, ఖాయంగా తెలిసిన అధికారిని నా వృత్తిలో నేనెన్నడూ చూడలేదు.

ఆ కథకు దగ్గరగా వచ్చిన నిజమైన కేసు ఒకటి ఉంది. 2002లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒకడు 11 ఏళ్ల బాలుణ్ణి ఎత్తుకెళ్లి పది లక్షల యూరోలు అడిగాడు. డబ్బు తీసుకున్నాక పోలీసులకు దొరికాడు గానీ పిల్లవాడెక్కడో చెప్పలేదు. పిల్లవాడు ఇంకా బతికే ఉన్నాడేమోనన్న ఆశతో నగర పోలీసు శాఖ ఉప అధిపతి, భరించలేని నొప్పి కలిగిస్తామని వాణ్ణి బెదిరించమని కింది అధికారికి చెప్పాడు. చెయ్యి పడకుండానే, కొద్ది నిమిషాల్లో వాడు చోటు చెప్పేశాడు. వెళ్లి చూస్తే దొరికింది శవం. బాలుణ్ణి వాడు అప్పటికే చంపేశాడు.

తర్వాత జరిగింది జాగ్రత్తగా చదవండి, మీ చివరి ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. బెదిరింపు వల్ల వచ్చిన ఒప్పుకోలును కోర్టు పక్కన పెట్టేసింది. విచారణలో వాడు మళ్లీ స్వయంగా ఒప్పుకోవడంతో యావజ్జీవ శిక్ష పడింది. 2004లో ఆ ఇద్దరు అధికారులూ దోషులేనని తీర్పొచ్చింది. అయితే వాళ్ల ఉద్దేశాన్ని, ఆ ఒత్తిడిని లెక్కలోకి తీసుకుని, జరిమానా నిర్ణయించి, దాన్ని వసూలు చేయకుండా హెచ్చరికతో వదిలేశారు. 2010లో యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం, ఆ బెదిరింపు అమానుష ప్రవర్తనేననీ, పసివాడి ప్రాణం కోసమన్నా సమర్థించలేమనీ చెప్పింది. అధికారులకు వేసిన శిక్ష మరీ తేలికైందని కూడా అంది. మరుసటి ఏడాది ఒక జర్మన్ కోర్టు ఆ హంతకుడికి 3,000 యూరోల పరిహారం ఇప్పించింది. ఈ చివరి ముక్క చదివినప్పుడు మీకు మండితే నేను తప్పుపట్టను, నాకూ గొంతు దిగలేదు. అయినా ఆ తీర్పు సరైనదనే నా అభిప్రాయం. ఆ రక్షణ మంచివాళ్లకు మాత్రమేనంటే, ఎవరు మంచివాళ్లో తేల్చే పని కొట్టేవాడి చేతికే పోతుంది.

ఇక్కడ చట్టం చేసే ఒక తేడాను గమనించాలి. ముందుగా అనుమతి ఇవ్వడం వేరు, జరిగిపోయాక ఒక మనిషి పరిస్థితిని చూసి శిక్ష తగ్గించడం వేరు. 1987లో ఇజ్రాయెల్‌లో ఒక విచారణ సంఘం, ఉగ్రవాద కేసుల్లో ‘ఓ మోస్తరు శారీరక ఒత్తిడి’ పెట్టవచ్చంది. అరుదుగా వాడాల్సినది మామూలు పద్ధతిగా మారిపోయిందని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. చివరికి 1999లో ఆ దేశ సుప్రీంకోర్టు ఆ పద్ధతులకు చట్టంలో ఆధారం లేదని తేల్చింది. అధికారి తనపై కేసు పడితే ‘గత్యంతరం లేక చేశాను’ అని కోర్టు ముందు వాదించుకోవచ్చు గానీ, ఆ వాదనను ముందస్తు అనుమతిగా మార్చుకోకూడదని చెప్పింది. ఒడంబడిక మాటలతో పోలిస్తే ఈ వాదనకు చోటివ్వడం కూడా ఎక్కువేనని విమర్శించే న్యాయ నిపుణులున్నారు, నేనూ వాళ్ల వైపే.

న్యాయమూర్తి సంతకంతో అనుమతిస్తే సరిపోదా అనేవాళ్లూ ఉన్నారు. అదీ చేసి చూసిందే. పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లండ్‌లో రాజు సలహా మండలి చిత్రహింసకు వారెంట్లు జారీ చేసేది. యూరప్‌లో కోర్టులే ఎప్పుడు, ఎంత పెట్టాలో నియమాలు రాసుకున్నాయి. 1764లో ఇటలీకి చెందిన న్యాయ తత్వవేత్త బెకారియా వాటిని చూసే రాశాడు, ఈ పద్ధతిలో ఒళ్లు గట్టిగా ఉన్న దొంగ బయటపడతాడు, బలహీనుడైన నిర్దోషి దోషి అవుతాడని.

చిత్రహింసతో నిజం ఎప్పుడూ రాదని నేననను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో వచ్చింది. కానీ అబద్ధం కూడా అంతే తేలిగ్గా వస్తుంది. 2001 చివర్లో పట్టుబడిన అల్-లిబీ అనే వ్యక్తిని అమెరికా ఈజిప్టుకు పంపింది. ఇరాక్ అల్-ఖైదాకు రసాయన, జీవాయుధాల్లో శిక్షణ ఇచ్చిందని అతను అక్కడ చెప్పాడు. 2003 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితిలో యుద్ధానికి వాదించినప్పుడు అమెరికా విదేశాంగ మంత్రి ఆ మాటను వాడుకున్నాడు. బాధ తప్పించుకోవడానికి కల్పించి చెప్పానని 2004లో అతను వెనక్కి తీసుకున్నాడు. ఆ లోపు యుద్ధం మొదలైపోయింది. వందమంది ప్రాణాల లెక్క వేసేటప్పుడు ఇలాంటి మాట వల్ల పోయిన ప్రాణాలను ఏ ఖాతాలో వేస్తారు?

చేతులు కట్టుకుని కూర్చోమని చట్టం చెప్పదు. సోదాలు, ఫోన్ రికార్డులు, వెంట ఉన్నవాళ్ల విచారణ, గంటల తరబడి ఓపికగా మాట్లాడించడం అన్నీ చేయొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో హాన్స్ షార్ఫ్ అనే జర్మన్ విచారణాధికారి, బందీలైన అమెరికన్ పైలట్లతో నడుస్తూ, కబుర్లాడుతూ, చెయ్యెత్తకుండానే రహస్యాలు రాబట్టాడు.

ఇక మీ అబ్బాయి విషయం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆదేశించినవాడితో పాటు పాటించినవాడూ దోషి అయ్యాడు. పై అధికారి చెప్పాడన్నది సమర్థన కాదని ఒడంబడికలో విడిగా రాసి ఉంది. అలాంటి ఆదేశం వస్తే కాగితం మీద ఇమ్మని అడగమనండి, చాలా ఆదేశాలు అక్కడే ఆగిపోతాయి. ఆగకపోతే చేయనని చెప్పాలి. రాతలో ఇచ్చినా చేయకూడదు, కాగితం ఉన్నంత మాత్రాన నేరం పోదు. ఎప్పుడు, ఎవరు, ఏం చెప్పారో అదే రోజు రాసి పెట్టుకోవాలి. నిర్బంధంలో ఉన్న మనిషిని వెంటనే డాక్టరుకు చూపించమని పట్టుబట్టాలి. అప్పటికే ఎవరైనా చెయ్యి చేసుకుని ఉంటే, ఆ సంగతి విచారణ నమోదులో చేర్పించాలి, ఆ చెయ్యి తన స్నేహితుడిదైనా సరే.