వేర్వేరు కంప్యూటర్ ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకుంటాయి?

విజయనగరంలో ఎమ్మెస్సీ గణితం చదువుతున్న మీ ప్రశ్న ఇది: అక్షరాలు, గుర్తులతోనే గణితం చేసే కంప్యూటర్ ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్లలో గ్రూప్ థియరీకి గ్యాప్, మిగతా లెక్కలకు మేపుల్ వాడుతుంటే, ఒకదాని జవాబును రెండోదానిలో చేత్తో టైపు చేయక తప్పదా? ఆ అవసరం లేదండి.

అసలు చిక్కు కనెక్షన్‌లో కాదు, అర్థంలో ఉంది. వర్గం చేస్తే -1 వచ్చే సంఖ్యనే తీసుకోండి. మేపుల్‌లో దాన్ని పెద్ద ఐ అక్షరంతో రాస్తాం, మాక్సిమా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఐ ముందు శాతం గుర్తు పెట్టాలి, గ్యాప్‌లో అయితే ఈ(4). మన పల్లెల్లో కుంచం ఊరికో తీరుగా ఉండేది కదా. అన్నీ కిలోల్లోకి మారాకే లెక్క తేలేది. ఇక్కడ ఆ కిలో లాంటిది ఓపెన్‌మ్యాత్ అనే ఉమ్మడి రాత పద్ధతి. అందులో ప్రతి గుర్తుకూ ఒక నిఘంటువులో స్థిరమైన అర్థం ఉంటుంది. ఐదు సాఫ్ట్‌వేర్లను జతలుజతలుగా, రెండు వైపులా కలపాలంటే 20 అనువాదకాలు రాయాలి, దీని ద్వారా అయితే ఒక్కోదానికి రాకకూ పోకకూ రెండేసి, మొత్తం 10 చాలు.

దాని ఆధారంగా నడిచే ప్రోటోకాల్, అంటే సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే నియమాల పద్ధతి, ఎస్‌సీఎస్‌సీపీ. సర్వర్‌గా, అంటే అడిగిన లెక్క చేసిచ్చే వైపు పెట్టిన గ్యాప్ మామూలుగా 26133 పోర్టు (కనెక్షన్ వచ్చే ద్వారం నంబరు) దగ్గర వింటూ ఉంటుంది. ఫలానా ఫంక్షన్ చేసిపెట్టమని ఒక గుర్తింపు సంఖ్యతో కాల్ వస్తుంది. అదే సంఖ్యతో జవాబో, ఎర్రరో తిరిగి వెళ్తుంది. నాకు బాగా నచ్చేది కుకీ సదుపాయం. పెద్ద గ్రూపును అటూ ఇటూ మోయకుండా సర్వర్‌లోనే ఉంచి, దాని పేరు మాత్రం తెచ్చుకోవచ్చు. తర్వాతి కాల్‌లో ఆ పేరు ఇస్తే సరిపోతుంది.

ముందు ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు గ్యాప్ విండోలు తెరిచి, రెండింటిలోనూ ఎస్‌సీఎస్‌సీపీ ప్యాకేజీ లోడ్ చేయండి. ఒకదాన్ని సర్వర్‌గా పెట్టి, రెండోదాని నుంచి 10 ఫాక్టోరియల్ అడిగి చూడండి.