ట్రేల మిరప నారు వాలిపోతే సీసాలోని ప్రోటీన్లు నిలబెడతాయా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. రెండెకరాల్లో మిరప వేశాం. షేడ్‌నెట్ నర్సరీ నుంచి ట్రేల నారు తెచ్చి నాటాం. నాటాక వాన మొహం చాటేసింది, ఎండ మండిపోయింది. సగం మొక్కలు వాలిపోయాయి. పక్క చేను వాళ్లు ఆరుబయట మడిలో సొంతంగా పోసుకున్న నారు నాటారు. రకం అదే, నాటిందీ అదే వారం. వాళ్ల తోట మాత్రం నిలబడింది. మందుల కొట్లో అడిగితే, ఒత్తిడి తట్టుకునే ప్రోటీన్లు ఇందులో ఉన్నాయంటూ ఒక సీసా ఇచ్చారు. కొట్టమంటారా?

జవాబు: సీసా సంగతి తర్వాత చూద్దాం. ముందు రేపు తెల్లవారగానే చేలోకి వెళ్లండి. మధ్యాహ్నం వాలి, పొద్దున్నే మళ్లీ తలెత్తిన మొక్కకు జబ్బేమీ లేదు. వేరు అందించే నీటికన్నా ఆకు వదిలే నీరు ఎక్కువైంది, అంతే. పొద్దున కూడా వాలే ఉంటే పీకి మొదలు చూడండి. మట్టి దగ్గర కాండం నల్లబడి, వేలితో నొక్కితే తోలు ఊడివస్తుంటే అది కుళ్లు. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, చుట్టుపక్కల మొక్కల మొదళ్లు కూడా తడిసేలా పోయాలి. మీరు రాసినదాన్ని బట్టి మీది ఎండ దెబ్బే అనుకుంటున్నాను.

నిజానికి ట్రే నారుకు వేరు తెగదు. మడిలో పీకిన నారుకేమో సన్నవేళ్లు చాలావరకు మట్టిలోనే ఉండిపోతాయి. లెక్కప్రకారం మీ తోటే ముందు నిలదొక్కుకోవాలి. అయినా వాళ్లదే బతికిందంటే, కారణం ఆ నారు పెరిగిన తీరులో ఉంది.

బెట్ట తగిలినప్పుడు మొక్క కొత్త సరంజామా తయారయ్యేదాకా ఆగదు. కణంలో అప్పటికే ఉన్న ప్రోటీన్లకే చిన్న చిన్న మార్పులు చేసుకుంటుంది. మట్టి ఆరుతుంటే అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోను పెరుగుతుంది. దాంతో కొన్ని ఎంజైములు మేలుకుని, ఆకు నీరు వదిలే పత్రరంధ్రాల పక్కనుండే రక్షక కణాల పొరలోని ప్రోటీన్లకు ఫాస్ఫేటు ముక్క తగిలిస్తాయి. అది తగలగానే పొరలో దారి తెరుచుకుంటుంది. కణంలోని లవణాలు బయటికి పోతాయి, వాటి వెంటే నీరూ పోతుంది. కణం సడలి రంధ్రం మూసుకుంటుంది. ఇదంతా నిమిషాల్లో జరిగే పని. నీరు అందాక ఆ ఫాస్ఫేటును ఊడదీసే ఎంజైములు వేరే ఉన్నాయి. ఈ తగిలించి ఊడదీసే పద్ధతిని కనిపెట్టినందుకే ఫిషర్, క్రెబ్స్ అనే శాస్త్రవేత్తలకు 1992లో నోబెల్ వచ్చింది. వాళ్లు చూసింది జంతువుల కండరంలో, కానీ మిరప ఆకులోనూ పద్ధతి అదే.

వేడికైతే ఇంకో ఏర్పాటుంది. ఎండ ముదిరితే ప్రోటీన్ల మడతలు విడిపోయి, ఒకదానికొకటి అంటుకుని పనికిరాకుండా పోతాయి. అప్పుడు కణం హీట్ షాక్ ప్రోటీన్లను పెద్దఎత్తున తయారుచేస్తుంది. అవి విడిపోయినవాటిని పట్టుకుని తిరిగి మడతపెడతాయి. ఇటలీ శాస్త్రవేత్త రిటోసా 1962లో దీని జాడ మొదట పట్టింది పండు ఈగ లార్వాల్లో. బాగుపడని ప్రోటీన్లకు కణం యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీను తగిలించి, ముక్కలు చేయించి, ఆ ముక్కలతో కొత్తవి కట్టుకుంటుంది. కల్లంలో తాలు ఏరి పక్కన పోసినా దానికీ యార్డులో ఒక ధర పలికినట్టే, ఇక్కడా ఏదీ పారేసేది కాదు.

అసలు కిటుకు ఎండదెబ్బ మోతాదులో ఉంది. 1980లలో సోయా మొలకల మీద ప్రయోగాలు చేశారు. నేరుగా 45 డిగ్రీల్లో రెండు గంటలు పెడితే చచ్చిపోయే మొలకలు, ముందుగా 40 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచి తర్వాత పెడితే బతికాయి. పక్క చేను నారు రోజూ ఎండకు, గాలికి, అప్పుడప్పుడూ నీటి ఎద్దడికి అలవాటుపడి చేలోకి వచ్చింది. మీ నారు నీడలో, రోజూ తడిలో పెరిగి, ఒక్కసారిగా రేగడి సెగలో పడింది. ఏపుగా, నిగనిగలాడుతున్న ట్రే చూసి మనమే ముచ్చటపడి కొంటాం. నామటుకు నాకు పొట్టిగా, కాండం గట్టిగా, కాస్త వెలిసినట్టున్న నారే నచ్చుతుంది.

ఇప్పుడు చేయాల్సింది: సాయంత్రం పూట తేలికపాటి తడి ఇవ్వండి, నీరు నిలవనీయకండి. యూరియా జోలికి పోవద్దు, లేత చిగురు వచ్చి రసం పీల్చే పురుగులకు విందవుతుంది. మొక్క తేరుకున్నాక లీటరు నీటికి 13-0-45 (పొటాషియం నైట్రేట్) పది గ్రాములు కలిపి చల్లపూట పిచికారీ చేయండి. పోయినచోట పది రోజుల్లోపే మళ్లీ నాటండి, ఆలస్యమైతే ఆ మొక్కలు తోటతో కలిసిరావు.

మళ్లీ నాటడానికి తెచ్చే ట్రేలను మాత్రం ఐదారు రోజులు ఆరుబయట ఉంచండి. మొదటి రెండు రోజులు పొద్దుటి ఎండ, తర్వాత రోజంతా. ఆకు కాస్త వాలడం మొదలయ్యాకే నీళ్లు చల్లండి. అంతకుమించి ఎండగడితే నారు గిడసబారుతుంది. రంధ్రాలు మూసుకున్న ఆకు ఆహారమూ తయారుచేయలేదు కదా. చాలా ముందుగా చేసినా దండగే, ఆ అలవాటు కొద్దిరోజులకు తగ్గిపోతుంది.

ఇక సీసా. పెద్ద ప్రోటీను ఆకు పైపొర దాటి కణంలోకి పోలేదు. చిన్న అమైనో ఆమ్లాలు కొంత పోవచ్చు, దాన్ని పోషణ కింద లెక్కేసుకోండి. పైన చెప్పిన మార్పులు మొక్క తన సొంత ప్రోటీన్లకు తానే చేసుకోవాలి. ఇలాంటి జీవ ఉత్ప్రేరకాలను (బయోస్టిమ్యులెంట్లను) 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చారు. లేబుల్ మీద ఆ ఉత్తర్వు ప్రకారం ఉండాల్సిన వివరాలు లేకపోతే అసలు కొట్టకండి. మూత తీయకపోతే, బిల్లు చూపించి వెనక్కి ఇచ్చేసి, ఆ డబ్బుతో పోయినచోట నాటడానికి ట్రేలు తెచ్చుకోండి.