గ్రీకుల రచనాభ్యాసాలు మన పిల్లలకు పనికొస్తాయా? నేను చేయించి చూసినంతలో

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వ్యాసం అంటే గైడ్‌లో ఉన్నది బట్టీ పట్టి రాస్తుంది. సొంతంగా రాయమంటే నాలుగు వాక్యాల దగ్గర ఆగిపోతుంది. ప్రాచీన గ్రీకులు పిల్లలకు ప్రోజిమ్నాస్మాటా అని 14 అభ్యాసాలు చేయించేవారని చదివాను. అవి మన పిల్లలకు పనికొస్తాయా? అన్నీ వరసగా చేయించాలా? ఒకే విషయాన్ని అటూ ఇటూ వాదించడం నేర్పితే పిల్లలకు నిజం మీద పట్టింపు పోదా?

జవాబు:

తప్పకుండా పనికొస్తాయి. నేను విజయవాడలో ఇంటి దగ్గర ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలకు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయడం నేర్పుతాను. కొన్నేళ్లుగా నా పాఠాలన్నీ ఈ అభ్యాసాల మీదే నడుస్తున్నాయి. మీ అమ్మాయికి భాష రాదని అనుకోకండి. ఏం చెప్పాలో ఎలా వెతుక్కోవాలో ఆమెకు ఎవరూ చూపించి ఉండరు. ‘చెట్ల ఉపయోగాలు’ అని బోర్డు మీద రాసి రాయమంటే పెద్దవాళ్లమైనా తడబడతాం. గ్రీకు గురువులు అలా ఖాళీ కాగితం చేతికి ఇచ్చేవారు కాదు. ముందు ఒక కథో, ఒక మాటో ఇచ్చి, దాన్ని ఏయే ప్రశ్నలతో తిరగేయాలో కూడా చెప్పేవారు.

ఈ అభ్యాసాల మీద మనకు మిగిలిన గ్రీకు పాఠ్యపుస్తకాలు నాలుగు. వాటిలో అన్నిటికన్నా పాతది అలెగ్జాండ్రియాకు చెందిన ఏలియస్ థియోన్‌ది. ఆయన క్రీ.శ. 1వ శతాబ్దపు వాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అందరికన్నా పేరు తెచ్చుకున్నవాడు మాత్రం అఫ్తోనియస్. 4వ శతాబ్దంలో అంటియోక్ నగరంలో గొప్ప వక్తృత్వ గురువుగా వెలిగిన లిబానియస్‌కు శిష్యుడు. మీరు చదివిన 14 అనే లెక్క అఫ్తోనియస్ పుస్తకంలోదే. ఆయన ప్రతి అభ్యాసానికీ చిన్న వివరణ ఇచ్చి, వెంటనే తనే ఒక నమూనా రాసి చూపించాడు. అందుకే ఆ పుస్తకం బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) బడుల్లో శతాబ్దాల పాటు నిలిచింది. 16వ శతాబ్దంలో లాటిన్ అనువాదంగా ఇంగ్లండ్ గ్రామర్ స్కూళ్లకూ చేరింది.

నీతికథ తిరగరాయడంతో మొదలై, ఒక చట్టాన్ని సమర్థించడమో వ్యతిరేకించడమో చేయడంతో ఆ వరస ముగుస్తుంది. మధ్యలో కథనం, ఒకరి సూక్తిని విస్తరించడం, సామెత, ఖండన, సమర్థన, పొగడ్త, నింద, పోలిక, పాత్ర గొంతుతో మాట్లాడటం, వర్ణన లాంటివి వస్తాయి. ఇవేవీ చేయకుండా నేరుగా పెద్ద ఉపన్యాసాలకు దిగేవాళ్లను చూసి థియోన్, కుండలు చేయడం నేర్చుకునేవాడు ఏకంగా పెద్ద గాబుతో మొదలుపెట్టినట్టుంది అన్నాడు. మన బడుల్లో ఆరో తరగతి పిల్లల్ని ‘దేశాభివృద్ధిలో యువత పాత్ర’ రాయమన్న ప్రతిసారీ నాకు ఆ మాట గుర్తొస్తుంది.

మీరు మొదలుపెట్టాల్సింది నీతికథతోనే. ‘కాకి–నీటి కుండ’ ఈసపు కథే కాబట్టి దాన్నే తీసుకోండి. మొదటిసారి ఐదు వాక్యాల్లో రాయించండి. తర్వాత అదే కథని పేజీన్నర చేయమనండి. ఎండ ఎలా ఉంది, కాకి ఎక్కడి నుంచి వచ్చింది, మొదటి రాయి వేశాక ఏమనుకుంది, ఇవన్నీ పిల్లలే ఊహించుకోవాలి. కాకి చేత మాట్లాడించనివ్వండి. ఆ తర్వాత మళ్లీ మూడు వాక్యాలకు కుదించమనండి. నిజమైన పాఠం ఈ కుదింపులోనే ఉంది. ఏది తీసేసినా కథ నిలుస్తుందో, ఏది తీస్తే కూలిపోతుందో పిల్లలకు చేతికి తగిలినట్టు తెలుస్తుంది. కథను మధ్యలోంచో చివర్నించో మొదలుపెట్టి చెప్పడం కూడా థియోన్ చేయించేవాడు. ఎవరు, ఏం, ఎక్కడ, ఎప్పుడు, ఎలా, ఎందుకు అన్న ఆరు ప్రశ్నలూ కథనానికి మూలమని చెప్పింది కూడా ఆయనే.

ఆ మెట్టు దాటాక నాకు బాగా ఇష్టమైనది క్రెయా. ఒక ప్రసిద్ధ వ్యక్తి అన్న మాటనో, చేసిన పనినో తీసుకుని విస్తరించడం. ఒక కుర్రవాడు అల్లరి చేస్తుంటే చూసిన గ్రీకు తత్వవేత్త డయోజనీస్, ఆ పిల్లవాణ్ణి వదిలేసి వాడి సంరక్షకుణ్ణి కొట్టాడట. ఇలాంటివి. అఫ్తోనియస్ నమూనాకు తీసుకున్నది గ్రీకు వక్తృత్వ గురువు ఐసోక్రటీస్ పేరు మీద ఉన్న మాట: చదువు వేరు చేదు, పండ్లు తీపి. దాన్ని ఎనిమిది మెట్లలో విస్తరించాడు. ముందు ఆ మాట అన్నవాడి గురించి రెండు మంచి మాటలు. తర్వాత దాన్నే సొంత వాక్యాల్లో చెప్పడం. ఆ తర్వాత అది ఎందుకు నిజమో కారణం. కష్టానికి భయపడి పారిపోతే ఏమవుతుందో ఎదురు కోణం. చెమటోడ్చి విత్తి, సంతోషంగా కోసుకునే రైతుతో పోలిక. శ్రమకు మారుపేరైన గ్రీకు వక్త డెమోస్తనీస్ జీవితం ఉదాహరణ. మంచితనానికి దారి మొదట్లో గరుకు, శిఖరం చేరాక సులువు అన్న కవి హెసియడ్ సాక్ష్యం. చివర్లో చిన్న ముగింపు.

మా పిల్లలకు నేను ఐసోక్రటీస్ పక్కన వేమనను పెడతాను. ‘తినగ తినగ వేము తియ్యనుండు’ అన్నది ఇంచుమించు అదే చేదు, అదే తీపి. ఇక్కడ మన బడి అలవాటు ఒకటి చూడండి. పద్యం ఇచ్చి తాత్పర్యం రాయమంటాం. తాత్పర్యం అంటే ఆ ఎనిమిదింటిలో రెండో మెట్టు. అక్కడితో ఆపేసి మార్కులు వేసేస్తాం. మిగతా మెట్లన్నీ ఎక్కిస్తే ఆ పద్యం నుంచే రెండు పేజీల సొంత రచన వస్తుంది, అదీ గైడ్ అవసరం లేకుండా. మా దగ్గర ఒక అబ్బాయి ఎదురు కోణం రాస్తూ, వేపాకు ఎంత తిన్నా తియ్యబడదని, అలవాటుపడేది నాలుకేనని, కాబట్టి పద్యం వేపాకు గురించి చెప్పడంలేదని తేల్చాడు. అంతకుముందు వాడు ఆ పద్యం తాత్పర్యం పరీక్షల్లో ఎన్నిసార్లు రాసి ఉంటాడో.

ఒక్క జాగ్రత్త. ఈ ఎనిమిదింటినీ ఎనిమిది పేరాలుగా బట్టీ పట్టిస్తే మళ్లీ గైడే తయారవుతుంది. వాటిని ప్రశ్నలుగా వాడండి. చిత్తు కాగితం మీద ఎనిమిదింటికీ జవాబులు రాయించి, అందులో పస ఉన్న మూడునాలుగింటితోనే అసలు రచన చేయించండి. గ్రీకు గురువులు ఇందుకు ఒప్పుకునేవారు కాదేమో కానీ, బట్టీకి అలవాటుపడిన మన పిల్లలకు ఇదే మంచిదని నా నమ్మకం.

వాక్యం కుదరని పిల్లలకు థియోన్ చెప్పిన ఇంకో చిన్న పని ఉంది. ఒకే క్రెయాను గ్రీకు విభక్తులన్నిటిలోకీ మార్చి చెప్పించడం. డయోజనీస్ అన్నాడు, డయోజనీస్‌కు అనిపించింది, డయోజనీస్ చేత అనిపించుకున్నారు, ఇలా. విభక్తులు మనకూ ఉన్నాయి కాబట్టి తెలుగులో ఇది హాయిగా కుదురుతుంది. రోజూ పది నిమిషాలు చాలు.

ఇక అటూ ఇటూ వాదించడం గురించి మీ భయం. అఫ్తోనియస్ ఖండనకూ సమర్థనకూ ఒకే కథ తీసుకున్నాడు. అపోలో దేవుడు డాఫ్నీని తరిమితే ఆమె చెట్టుగా మారిన కథ. ఖండిస్తూ, నదికీ భూమికీ మనిషి పిల్ల ఎలా పుడుతుందని నిలదీశాడు. సమర్థిస్తూ, సమస్తమూ మట్టీ నీళ్ల నుంచే కదా పుట్టేది అన్నాడు. ఖండనకు ఆయన ఇచ్చిన ప్రశ్నలు ఇవి: చెప్పింది స్పష్టంగా ఉందా, నమ్మేలా ఉందా, సాధ్యమేనా, ముందూ వెనకా పొసుగుతోందా, ఉచితమేనా, ప్రయోజనం ఉందా.

నేను దీనికి కూడా కాకి కథే వాడతాను. ‘సాధ్యమేనా’ దగ్గర తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఇంట్లో గాజు సీసాలో కొంచెం నీళ్లు పోసి గులకరాళ్లు వేసి చూసింది. నీళ్లు పైకి రాలేదు, రాళ్ల సందుల్లోనే ఉండిపోయాయి. కథ అబద్ధమని గట్టిగా రాసుకొచ్చింది. మరుసటి వారం అదే అమ్మాయి సమర్థన రాయాలి. ఈసారి నీళ్లు ఎక్కువ పోసి చూసింది. సీసాలో సగానికి పైన నీళ్లుంటే రాళ్లు వేసేకొద్దీ మట్టం అంచుదాకా వచ్చింది. కుండలో ఎన్ని నీళ్లున్నాయో కథలో చెప్పలేదని అప్పుడు పట్టుకుంది. 2009లో ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్తలు కాకి జాతికే చెందిన రూక్ పక్షుల ముందు నీళ్ల గొట్టం పెట్టి, నీటి మీద తేలే పురుగును అందుకోవడానికి అవి రాళ్లు వేసి మట్టం పెంచుతాయని చూపించారు. ఆ సంగతి నేను చెప్పగానే తన సమర్థనలో సాక్ష్యంగా చేర్చుకుంది. మొదటి వారం ఆమె అన్నది తప్పు కాదు, రెండో వారం అన్నదీ తప్పు కాదు. రెండూ రాసింది కాబట్టే, ఏ పరిస్థితిలో కథ నిజమో, ఏ పరిస్థితిలో కాదో కచ్చితంగా చెప్పగలిగింది. ఒకవైపే వాదించిన పిల్లలు ఆ చోటుకు రావడం నేను చాలా అరుదుగా చూశాను.

అయితే మొదట్లో పాత కథల మీదే చేయించండి. కులం, మతం, ఇంట్లో తగాదాల మీద వద్దు. డాఫ్నీ ఓడినా గెలిచినా ఎవరి మనసూ నొచ్చుకోదు కాబట్టి పిల్లలు వాదన మీదే దృష్టి పెడతారు. నింద అనే అభ్యాసాన్ని నేను పూర్తిగా వదిలేస్తాను. అఫ్తోనియస్ మాసిడోనియా రాజు ఫిలిప్‌ను దుమ్మెత్తిపోశాడు, బాగానే ఉంది. ఫోన్లలో ఒకరినొకరు తిట్టుకోవడం ఇప్పటికే వచ్చిన పిల్లలకు అందులో సాధన అవసరం లేదు.

వదలకూడనిది పాత్ర గొంతుతో మాట్లాడటం. గ్రీకులు దీన్ని ఎథొపొయియా అన్నారు. పిల్లలందరూ చనిపోయాక గ్రీకు పురాణాల్లోని తల్లి నియోబీ ఏమంటుంది? సముద్రాన్ని మొదటిసారి చూసిన లోపలి ప్రాంతపు మనిషి ఏమంటాడు? మాటలు వర్తమానంలో మొదలై, గతానికి వెళ్లి, భవిష్యత్తులోకి రావాలని నియమం. ఉత్తర ఆఫ్రికాలో లాటిన్ బడిలో చదివిన సెయింట్ ఆగస్టిన్, కోపంతో రగిలే జూనో దేవత మాటల్ని సొంతంగా చెప్పమన్నప్పుడు తను పడిన టెన్షన్‌ను పెద్దయ్యాక కూడా రాసుకున్నాడు. మన బడుల్లో ఏకపాత్రాభినయం ఉంది, దుర్యోధనుడి డైలాగులకు చప్పట్లు కొడతాం. కానీ ఆ మాటలు ఎవరో రాసిచ్చినవి. పిల్లల చేతే రాయించి చూడండి. అనంతపురం వైపు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక అమ్మాయికి సముద్రం అంశం ఇస్తే, ఆమె రాసిన రైతు మొదటి మాట ‘ఇన్ని నీళ్లుండీ ఒక్క గుక్క పనికిరాదా’ అని. వెంటనే ఎండిపోయిన తన బోరు దగ్గరికి వెళ్లాడు. ఎదుటివాళ్లను ఒప్పించాలంటే ముందు వాళ్ల చోట నిలబడి చూడటం రావాలి కదా, అది ఈ అభ్యాసంలో వచ్చినంత బాగా ఇంకెక్కడా రాదు.

పోలిక, వర్ణన మన పాఠ్యపుస్తకాల్లో ఎలాగూ ఉంటాయి, వాటికి వేరే తంటా అక్కర్లేదు. చట్టం మీద వాదన ఇంటర్ పిల్లలకు బాగుంటుంది. చట్టబద్ధమా, న్యాయమా, లాభమా, అమలు చేయగలమా అన్న నాలుగు ప్రశ్నలతో ‘క్లాసులో సెల్‌ఫోన్ నిషేధం’ లాంటి నియమాన్ని పరీక్షించమనండి. పిల్లలు న్యాయం దగ్గర గంటసేపు అరుచుకుని, అమలు దగ్గరికి వచ్చేసరికి ఆలోచనలో పడతారు.

కాబట్టి 14 పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు. వరస మాత్రం పాటించండి: కథ, క్రెయా, ఖండన–సమర్థన, పాత్ర గొంతు, చివరికి నియమం మీద వాదన. ఒక్కోదానికి నెలన్నర, రెండు నెలలు పట్టినా ఫర్వాలేదు. మీ అమ్మాయి రాసింది ఆమె చేతే పైకి చదివించండి, వాక్యం ఎక్కడ కుంటుతోందో చదివేటప్పుడు ఆమెకే తెలుస్తుంది. మొదటి నెలల్లో ఎర్ర పెన్ను పట్టుకోకండి. అతిగా రాసినా, అలంకారాలు గుప్పించినా ఊరుకోండి. రోమన్ గురువు క్వింటిలియన్ 1వ శతాబ్దం చివర్లోనే చెప్పాడు, ఎక్కువైనదాన్ని తగ్గించడం సులువే కానీ బీడును పండించడం ఎంత కష్టపడినా కాదని. అక్షరదోషాలు కథ మూడోసారి తిరగరాసేటప్పుడు దిద్దుకోవచ్చు.