ఆడకుక్కకి ఒక్కసారైనా పిల్లలు పుట్టాకే పిల్లలు కలగకుండా చేసే ఆపరేషన్ చేయించాలా?

అక్కర్లేదండి. "ఒక్క ఈతైనా ఈననివ్వండి, లేకపోతే దాని ఉసురు తగులుతుంది" అని పెద్దవాళ్లు అంటారు గానీ, ఈనడం వల్ల దాని ఆరోగ్యానికి ఒరిగేదేమీ లేదు. మొదటిసారి ఎదకు రాకముందే చేయిస్తే రొమ్ము గడ్డల ముప్పు బాగా తగ్గుతుంది, ఆలస్యమయ్యేకొద్దీ ఆ లాభం కరిగిపోతుంది. అసలు భయపడాల్సింది పయోమెట్రాకి: ఎద ముగిసిన కొన్ని వారాలకి గర్భసంచిలో చీము పట్టి, కుక్క తిండి మానేసి, నీళ్లు మాత్రం తెగ తాగుతూ, వెనక నుంచి చెడు వాసనతో స్రావం కారుతూ ఉంటుంది (ఒక్కోసారి బయటికి ఏమీ కారదు, అది ఇంకా ప్రమాదం), అప్పుడు నీరసించిపోయిన దానికి ఉన్నపళంగా గర్భసంచి తీయాల్సి రావచ్చు. అదే ఆపరేషన్ ఆరోగ్యంగా ఉన్నప్పుడైతే ఇంత టెన్షన్ ఉండదు.

చిన్న జాతులకి 6 నెలల వయసు దగ్గర చేస్తారు, లాబ్రడార్ లాంటి పెద్ద జాతులకి ఎముకలు ఎదగాలని కొంత ఆగమంటారు, మీ వెటర్నరీ డాక్టర్‌నే అడగండి. మగకుక్కకి ఇంకా సులువు, వృషణాల క్యాన్సర్ బెడద కూడా పోతుంది. తర్వాత 10 నుంచి 14 రోజులు కుట్లు నాకకుండా మెడకి కోన్ (గరాటు ఆకారంలో ఉండే పట్టీ) ఉంచాలి. లావెక్కుతుందన్నది కొంత నిజమే, పెరుగన్నం కాస్త తగ్గించి రోజూ నడిపించండి.