పాత రాతి మీద ‘నూతన పరిశోధన’ ఏమిటి?

సందేహం: కుర్క్యాల శాసనం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మా సెమినార్ కరపత్రంలో ‘సాహిత్యం, చరిత్ర, తత్త్వశాస్త్రాలపై నూతన పరిశోధనలు’ అని వేశాం. మా పెదనాన్న రిటైరైన తెలుగు మాస్టారు. అది చూసి, “శోధన అంటే వెతకడం. మీ శాసనం దొరికి ఎన్నాళ్లో అయింది, ఇంకా వెతికేదేముంది? అధ్యయనం అనండి చాలు” అన్నారు. కన్నడ స్నేహితురాలేమో దీన్నే సంశోధనె అంటుంది, హిందీవాళ్లు అనుసంధాన్ అంటారు. మన మాట తప్పా?

సమాధానం: తప్పేం లేదు, కరపత్రం మళ్లీ అచ్చు వేయించకండి. మీ పెదనాన్నగారు చెప్పిన వెతకడమనే అర్థమూ ఉంది, పోలీసులు చేసే ‘సోదా’ ఈ శోధనకు చుట్టమే. కానీ మాటకు మొదలు అది కాదు. ధాతువు ‘శుధ్’, అంటే శుభ్రపడటం. శుద్ధి, పరిశుద్ధం, తప్పులన్నీ దిద్ది రాసుకునే శుద్ధప్రతి, అన్నీ అక్కడివే. ఆయుర్వేదంలో పాదరసాన్ని శోధన చేశారంటే దానికోసం వెతికారని కాదు కదా, అందులోని దోషాలు తీసేశారని. మలినం ఎంతుందో, అసలు ఎంతుందో తేల్చాలంటే పరీక్ష పెట్టాలి కాబట్టి పరీక్ష అనే అర్థం కూడా వచ్చి చేరింది. తెలుగు బైబిల్లో ‘మమ్మును శోధనలోకి తేక’ అన్న చోట వినిపించేది అదే. దానికి ‘పరి’ తగిలిస్తే అన్ని వైపులా, పూర్తిగా అని.

ఆ లెక్కన మీ పనికి ఇంతకంటే అతికే మాట లేదు. శాసనం నకలు తీయడం మీరు చూసే ఉంటారు. ముందు నీళ్లూ బ్రష్షూ పట్టుకుని రాయి కడుగుతారు. అక్షరాల గాళ్లలో ఇరుక్కున్న మట్టీ నాచూ పోయాక తడి కాగితం పరిచి, అది గాళ్లలోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దితే చుట్టూ నల్లగా, అక్షరం తెల్లగా పైకి వస్తుంది. శోధన అంటే అక్షరాలా ఇదే! రాయి పాతదే, చదువు కొత్తది. కరీంనగర్ జిల్లా బొమ్మలగుట్ట మీది మీ కుర్క్యాల శాసనపు రాతినే చూడండి. క్రీ.శ. 945 ప్రాంతంలో కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు చెక్కించింది, సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి, తెలుగువి మూడు కందాలు. నన్నయకు దాదాపు వందేళ్ల ముందే మన కందం ఇంత సాఫీగా నడిచిందని చెప్పేది ఆ రాయే. సాహిత్యంవాళ్లకు అది ఛందస్సు, చరిత్రవాళ్లకు వేములవాడ చాళుక్యుల కాలం, తత్త్వశాస్త్రంవాళ్లకు జైనం. అందుకని ‘నూతన’ అనే విశేషణం పరిశోధనకే గాని రాతికి కాదని మీ పెదనాన్నగారికి చెప్పండి. అధ్యయనం అంటే ముందు చదవడం, చదివి నేర్చుకోవడం, అది మీరు చేరిన మొదటి ఏడాదే చేసుంటారు.

ఇరుగుపొరుగు మాటల సంగతి సరదాగా ఉంటుంది. కన్నడంలో, మరాఠీలో సంశోధన అంటే రీసెర్చి, హిందీలో అదే మాట రాజ్యాంగ సవరణకు వాడతారు. హిందీవాళ్ల అనుసంధాన్ మన దగ్గరికొచ్చేసరికి నదుల అనుసంధానం, ఆధార్ అనుసంధానం అయి కూర్చుంది. బెంగాలీ, మలయాళాల్లో గవేషణ, విడదీస్తే గో + ఏషణ, ఆవుల కోసం వెతుకులాట అన్నమాట (వెతకడమే కావాలంటే పెదనాన్నగారు ఇది తీసుకోవచ్చు). మనకు మాత్రం పరిశోధనే స్థిరపడింది. 1922లో రాజమండ్రిలో పెట్టిన సంఘం ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు మీద హైదరాబాదులో నడిచింది లక్ష్మణరాయ పరిశోధక మండలి. వందేళ్లుగా నలిగిన మాట.

మీరు అడగలేదు గాని, రేపు మీరు రాయబోయే థీసిస్‌ను సిద్ధాంత గ్రంథం అంటే ‘అది థియరీ కదా’ అని ఎవరో ఒకరు పట్టుకుంటారు. మన శాస్త్రాల్లో ముందు సంశయం, తర్వాత అవతలివాడి పూర్వపక్షం, దాన్ని ఖండించాక చివరికి నిలబడేది సిద్ధాంతం. థీసిస్ చేయాల్సిన పని అదే కాబట్టి పేరు సరిపోయింది. మీ ఉత్తరంలో సంశయం మీది, పూర్వపక్షం పెదనాన్నగారిది.

కరపత్రంలో నాకు నచ్చనిది ఆ ‘పై’. మనం పనిచేసే రంగానికి ‘లో’, చేతిలో పట్టుకున్న వస్తువుకు ‘మీద’ లేదా ‘పై’ వేస్తే చెవికి బాగుంటుంది: చరిత్రలో పరిశోధన, కుర్క్యాల శాసనం మీద పరిశోధన. మీ ఉత్తరం మొదటి వాక్యంలో ‘మీద’ సరిగ్గానే పడింది, కరపత్రం దగ్గరికి వచ్చేసరికి ఏమైందో మరి. ఇంకోటి, లోపల ఎక్కడైనా ‘ఈ శాసనాన్ని కనిపెట్టినవారు’ అని రాసి ఉంటే ‘కనుగొన్నవారు’ అని దిద్దండి. కనిపెట్టారంటే దొంగ శాసనం చెక్కించారేమో అని అనుమానం వస్తుంది.