కోసిన ముక్కను ముందు ఆరనివ్వండి

ప్రశ్న: మా నాగజెముడు నుంచి ఒక రెమ్మ విరిచి వెంటనే కుండీలో నాటాను. వాడిపోతుందేమోనని రోజూ నీళ్లు పోశాను. అడుగు మెత్తబడి గోధుమరంగులోకి మారింది. ఇంకో రెమ్మ నాటాలంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఈ రెమ్మనే కాపాడుకునే వీలుందేమో చూడండి. స్పిరిట్‌తో తుడిచిన కత్తితో, మెత్తబడిన చోటుకు బాగా పైన కోయండి. కోసిన చోట గోధుమ చుక్క ఒక్కటి కనబడినా ఇంకాస్త పైకి కోయాలి. కండ అంతా శుభ్రంగా, ఒకే రంగులో ఉంటే ఆ ముక్క బతుకుతుంది.

కుళ్లడానికి కారణం తొందరే. కోసిన చోటు పచ్చి గాయం. అది తడిమట్టిని తాకితే శిలీంధ్రాలు లోపలికి దిగుతాయి. పైగా వేళ్లు లేని ముక్క మీరు పోసే నీళ్లు తాగలేదు. కాబట్టి మట్టిలో పెట్టకముందే గాయం ఎండి గట్టి పొర కట్టాలి. నాగజెముడు రెమ్మకు వారం, పది రోజులు చాలు. లావుపాటి స్తంభంలా పెరిగే రకాలకు రెండు, మూడు వారాలు పడుతుంది. గాలి ఆడే నీడలో పెట్టండి, ఎండలో వద్దు. స్తంభం రకాలను నిలబెట్టే ఆరబెట్టాలి. చాలా రోజులు పడుకోబెడితే వంకర తిరుగుతాయి, పక్క నుంచి వేళ్లు వస్తాయి. నేనైతే ప్రతి ముక్క పక్కన కోసిన తేదీ రాసిన చీటీ పెడతాను. ముక్కను పట్టుకోవడానికి పాత పేపరును నాలుగు మడతలు పెట్టి పట్టీలా చుడతాను. చేతి తొడుగుల కంటే అదే నయం, నాగజెముడు సన్నముళ్లు గుడ్డలోంచి కూడా దిగిపోతాయి.

మట్టిలో సగం ముతక ఇసుక గానీ పెర్లైట్ (నర్సరీల్లో దొరికే తేలికపాటి తెల్లటి గుళికలు) గానీ ఉండాలి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పు ఉంటుంది. అడుగున రంధ్రమున్న చిన్న మట్టికుండీ తీసుకుని, ముక్క అడుగు రెండు, మూడు సెంటీమీటర్లు మాత్రమే దిగేలా నాటండి. ఒరిగితే రెండు పుల్లలు దన్ను పెట్టండి. మొదటి వారం చుక్క నీరు కూడా వద్దు. ఆ తర్వాత కొద్దిగా తడిపి, మట్టి పూర్తిగా ఆరాకే మళ్లీ తడపండి. ముక్క కాస్త ముడతలు పడితే కంగారుపడకండి. తనలో దాచుకున్న నీటితోనే అది వేళ్లు తయారుచేసుకుంటుంది. ఈ మొక్కలు పత్రరంధ్రాలను, అంటే గాలి పీల్చుకునే సన్నని రంధ్రాలను, రాత్రిపూట తెరుస్తాయి కాబట్టి నీరు ఆవిరైపోవడం కూడా తక్కువే. వేళ్లొచ్చాయో లేదో అని పీకి చూడొద్దు. కొన్ని వారాల తర్వాత పుల్లతో మెల్లగా కదిపి చూడండి. కదలకుండా నిలబడితే వేళ్లు పట్టినట్టే.

ప్రశ్న: ఆకుపచ్చ కాడ మీద ఎర్ర బంతి ఉన్న కాక్టస్ కొన్నాను. బంతికి చిన్న పిల్లలు వచ్చాయి. వాటిని తీసి మట్టిలో నాటొచ్చా?

జవాబు: నాటితే బతకవు. మీరు కొన్నది ఒక మొక్క కాదు, అంటుకట్టిన రెండు మొక్కలు. పైనున్న ఎర్ర బంతి జిమ్నోకాలీసియం అనే కాక్టస్. దానిలో పత్రహరితం లేదు, అందుకే ఆ ఎరుపు బయటకు కనబడుతోంది. సొంతంగా ఆహారం చేసుకోలేదు కాబట్టి కింది కాడే దాన్ని పోషిస్తుంది. 1941లో జపాన్‌లో ఎయిజీ వటనాబే ఇలాంటి ఎర్ర మొలకలను అంటుకట్టి బతికించారు. అక్కడి నుంచే ఇవి ప్రపంచమంతా పాకాయి.

పిల్లలను పెంచాలంటే మీరూ అంటు కట్టాల్సిందే. మూడు పలకలుండే డ్రాగన్ ఫ్రూట్ కాడను అడ్డంగా కోసి, పిల్ల అడుగునూ అంతే నున్నగా కోయండి. రెండింటి మధ్యలోనూ కనిపించే వలయాలు కొంతైనా ఒకదానిమీద ఒకటి పడేలా వెంటనే కూర్చి, కుండీ కింద నుంచి రబ్బరు బ్యాండు వేసి వారం పాటు నీడలో ఉంచండి. ఇక్కడ మాత్రం ఆరబెట్టకూడదు, పచ్చి మీదే అతుక్కోవాలి.

ప్రశ్న: గదిలో ఉన్న గుండ్రటి కాక్టస్ పైభాగం సన్నగా, పొడుగ్గా సాగింది. ఎరువు తక్కువైందా?

జవాబు: కాదు, వెలుతురు తక్కువైంది. సాగిన భాగం మళ్లీ లావెక్కదు. కిటికీ దగ్గరకు మార్చండి. ఎండలోకి ఒక్కసారిగా తీసుకెళ్తే తెల్లటి మచ్చలు పడి శాశ్వతంగా ఉండిపోతాయి, అందుకే రోజుకు కాస్త కాస్త పెంచండి.

ప్రశ్న: మా ముళ్ల మొక్క కోస్తే పాలు కారాయి. కాక్టస్‌కు పాలుంటాయా?

జవాబు: మీది యుఫోర్బియా అయ్యుండొచ్చు, అది కాక్టస్‌లా కనిపించే వేరే మొక్క. మామిల్లేరియా లాంటి కొన్ని కాక్టస్‌లకూ పాలుంటాయి కాబట్టి ముళ్ల మొదళ్లు చూసి పోల్చుకోండి. కాక్టస్‌లో ప్రతి ముళ్ల గుత్తీ నూగుతో ఉన్న చిన్న దిండు లాంటి చోటు నుంచి వస్తుంది. యుఫోర్బియాకు ఆ దిండు ఉండదు. దాని పాలు చర్మాన్ని మండిస్తాయి, కంట్లో పడితే చాలా ప్రమాదం. కళ్లద్దాలు పెట్టుకుని కోయండి, కోసిన కొసను నీళ్లలో ముంచితే పాలు ఆగుతాయి. ఆ తర్వాత ఆరబెట్టి నాటడం మామూలే. కంట్లో పడితే మాత్రం ధారగా నీళ్లు పోసి కడుగుతూ, వెంటనే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి.