డాక్టర్ సలహా: కిడ్నీలో రాయి వచ్చినవాళ్లు గంగపావిలి కూర తినొచ్చా?

ప్రశ్న: మావారికి 48 ఏళ్లు. పోయిన వేసవిలో కిడ్నీలో రాయి వచ్చి మందులతోనే పడిపోయింది. కాల్షియం ఆక్సలేట్ రాయి అన్నారు. మా డాబా మీద కుండీల్లో గంగపావిలి బాగా వస్తోంది. వారానికి మూడు నాలుగుసార్లు పప్పులో వేస్తున్నాను. ఆయనకు పెట్టొచ్చా? ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఉంటుందని మా అమ్మాయి పచ్చి ఆకు జ్యూస్ కూడా చేసిస్తానంటోంది.
- ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు ఆ జ్యూస్ ఆలోచన మానిపించండి. గంగపావిలి మంచి కూరే. మీ అమ్మాయి చెప్పిన ఒమేగా-3 కూడా నిజమే. కానీ కాల్షియంతో కలిసి మీవారికి వచ్చిన రకం రాయి కట్టే ఆక్సలేట్ పాలకూరలోలాగే ఇందులోనూ చాలా ఎక్కువ. పచ్చి ఆకు గుప్పెళ్లకొద్దీ మిక్సీ పట్టి తాగితే అదంతా ఒక్కసారే ఒంట్లోకి చేరుతుంది. రోజూ ఆకు జ్యూస్‌లు తాగి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి.

మీవారికి వారానికి మూడుసార్లు వద్దు. ఎప్పుడైనా నెలకు ఒకటి రెండుసార్లు, కొద్దిగా చాలు. ఆకును ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, తర్వాత పప్పులో కలపండి. అదే భోజనంలో పెరుగన్నం తప్పకుండా ఉండాలి. కాల్షియం రాయి అనగానే చాలామంది పాలు, పెరుగు మానేస్తారు. అది పొరపాటు. పెరుగులోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని విరేచనంలో బయటికి పంపేస్తుంది. తగ్గించాల్సింది ఉప్పు. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు రోజూ ఉంటే మూత్రంలో కాల్షియం పెరుగుతుంది. ఇక బెజవాడ ఎండల్లో చెమటకే నీళ్లన్నీ పోతాయి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా తాగాలి. రంగు ముదిరిందంటే నీళ్లు చాలనట్టే.

కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష ఆయనకు ఒకసారి చేయించండి. అది ఎక్కువగా ఉంటే ఈ కూరలోని పొటాషియం కూడా ఇబ్బందే, అప్పుడు పూర్తిగా మానాలి.

మిగతా ఇంటిల్లిపాదీ కిడ్నీ సమస్య లేకపోతే నిశ్చింతగా తినండి. కుండీలో పెంచుకోవడం నాకు చాలా నచ్చింది. బందరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద మొలిచింది కోసుకొస్తే మురుగు భయం, గుంటూరు వైపు మిర్చి చేలల్లోదైతే పురుగుమందు భయం. తుంచిన కాడ గుచ్చినా బతుకుతుంది. విత్తనమైతే పైన చల్లి వదిలేయండి, వెలుతురు తగిలితేనే బాగా మొలుస్తుంది. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది. పూత రాకముందే రెండంగుళాలు వదిలి కోస్తే మళ్లీ చిగురిస్తుంది. పొద్దున కోసిన ఆకు పుల్లగా, సాయంత్రానిది కాస్త చప్పగా అనిపించొచ్చు. మొక్క రాత్రిపూట దాచుకునే మాలిక్ ఆమ్లం వల్ల వచ్చే పులుపు అది. ఆక్సలేట్ వేరు, కాబట్టి పులుపు తగ్గిందని మీవారికి ఎక్కువ వడ్డించకండి.

ఒక్క జాగ్రత్త. అదే కుండీలో నేలకు పాకే ఇంకో కలుపు మొలుస్తుంటుంది. కాడ విరిస్తే తెల్లటి పాలు కారుతాయి. గంగపావిలికి పాలు రావు. పాలు కారేదాన్ని పీకి పారేసి చేతులు కడుక్కోండి.

ఆయనకు నడుము పక్కన నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా చూడకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.